ఊదా పూలు చూడాలంటే పొద్దు పొడవక ముందే లేవాలి

రెండు వారాల కిందట ఈ శీర్షికలో శంకుపూల తీగ గురించి నాలుగు మాటలు రాస్తే, దాని ఊదా రంగు మీదే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచే ఎక్కువ వచ్చాయి. అందరికీ జవాబు ఇవ్వడానికి చోటు చాలదు కాబట్టి, ఒకరి ప్రశ్నలో పదిమందికి పనికొచ్చే సంగతి ఉన్నవి ఏరి పెట్టాను.

"మా ఇంటి ప్రహరీ మీద శంకుపూల తీగ అల్లుకుంది. తెల్లవారుజామున వాకిలి ఊడ్చడానికి వచ్చేసరికి పూలు నీలంగా, మసక చీకట్లో కూడా మెరుస్తున్నట్టు ఉంటాయి. ఎండ పడ్డాక అవే పూలు వంగపండు రంగులోకి తిరుగుతాయి. పదకొండు గంటలకు చూస్తే ఆ కళే ఉండదు. మా ఆయనకు చెబితే ముందు కళ్లు చూపించుకో అంటున్నారు. మారేది పువ్వా, నా కన్నా?" – అనంతపురం నుంచి ఒక గృహిణి

కళ్ల డాక్టరు దగ్గరికి పోవాల్సిన పనేం లేదమ్మా, మీరు చూసింది నిజమే. మీ ఆయన్ని కూడా ఒకరోజు అదే వేళకు లేపి పక్కన నిలబెట్టుకోండి, ఆయనకూ అలాగే కనిపిస్తుంది.

ముందు కన్ను సంగతి. మన కంట్లో వెలుగును పట్టే కణాలు రెండు రకాలు. పట్టపగలు రంగులు చూపించేవి కోనులు, మసక వెలుతురులో పనిచేసేవి దండాలు. ఈ దండాలకు ఎరుపు దాదాపు ఆనదు, నీలం, పచ్చ వైపు మాత్రం బాగా ఆనుతుంది. చీకటి విడిపోతున్న ఆ కాసేపట్లో రెండు రకాలూ కలిసి పనిచేస్తాయి, అందుకే మీ పెరట్లో ఎర్ర మందారం ఉంటే ఆ వేళలో అది నల్లగా ముద్దలా కనిపిస్తుంది, దాని పక్కనే ఉన్న శంకుపువ్వు మాత్రం వెలుగుతున్నట్టు ఉంటుంది. పగటిపూట చూస్తే తారుమారు, మందారమే ముందు కంటికి కొడుతుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే ఈ సంగతిని గమనించి 1825లో ప్రచురించిన పుస్తకంలో రాశాడు, అందుకే దీన్ని ఆయన పేరుతోనే పుర్కిన్యే ప్రభావం అంటారు. రెండు వందల ఏళ్ల కిందట ఆయన చూసిందే మీరు చీపురు పట్టుకుని చూస్తున్నారు.

తర్వాత వెలుగు. సూర్యుడు ఇంకా కొండకు అవతలే ఉన్నప్పుడు మన వాకిట్లో పడేది ఎండ కాదు, ఆకాశం ఇచ్చే వెలుతురు. ఆ వేళలో కిరణాలు వాతావరణంలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించి వస్తాయి, దారిలో పైన ఉన్న ఓజోన్ పొర నారింజ వైపు రంగులను కొంత మింగేస్తుంది. నడినెత్తి ఆకాశం సంధ్యవేళ అంత నీలంగా ఉండటానికి ముఖ్య కారణం ఓజోనేనని 1953లో హల్బర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త లెక్కకట్టి చూపించాడు. ఊదా పువ్వు నీలాన్నీ ఎరుపునూ రెండింటినీ తిప్పి పంపుతుంది, పచ్చను తనలో ఉంచుకుంటుంది. దాని మీద నీలి వెలుతురే పడితే అది పంపేదీ నీలమే కదా. ఇక సూర్యుడు పైకి వచ్చిన తొలి అరగంటలో నేరుగా పడే ఎండలో నీలం తక్కువ, పసుపూ ఎరుపూ ఎక్కువ. అప్పుడు అదే రేకు తన ఎరుపు వాటాను బయటపెడుతుంది, మీరన్న వంగపండు రంగు అదే.

ఇది మాటల్లో చెబితే నమ్మబుద్ధి కాదు, అందుకే ఒక పని చేయండి. జనవరిలో అయితే మీ ఊళ్లో 6.45 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, జూన్ మొదట్లో అయితే 5.50కే. సూర్యుడు వచ్చిన పది నిమిషాలకు తీగకు ఒక పక్కన నిలబడండి. ఎండ తగిలిన పువ్వు ఒకటి, ఆకు నీడలో ఉన్న పువ్వు ఒకటి పక్కపక్కనే చూడండి. ఒకే తీగ, ఒకే రోజు విచ్చిన పూలు, ఒకటి ఎర్ర ఛాయ ఊదా, ఇంకొకటి చల్లని నీలం. నీడలో ఉన్నదానికి ఇంకా ఆకాశం వెలుతురే అందుతోంది మరి. ఆకును వేలితో పక్కకు జరిపి ఎండ పడనిస్తే మీ కళ్లముందే రంగు తిరుగుతుంది. నాకైతే శంకుపువ్వులో ఇంతకంటే అందమైన సంగతి ఇంకోటి లేదు. దగ్గరగా చూస్తున్నారు కాబట్టి గొంతు దగ్గరి తెల్లటి, లేత పసుపు మచ్చ కూడా చూడండి, దాని చుట్టూ నీలం సన్నసన్న ఈనెలుగా మొదలై అంచుకు పోయేకొద్దీ చిక్కబడుతుంది.

పదకొండుకు కళ ఎందుకు పోతుందంటే, ఎండ నడినెత్తికి వచ్చేకొద్దీ రేకుల మీద తెల్లటి మెరుపు పడి రంగును కప్పేస్తుంది. పైగా శంకుపువ్వు ఒక్కరోజు పువ్వు, మన ఎండకు అప్పటికే నీరు తగ్గి రేకు కాస్త వాలుతుంది. అది రోగం కాదు, దానికి మందులేవీ కొట్టకండి.

"మా బాబు కోసం మార్నింగ్ గ్లోరీ వేశాం. పొద్దున్నే గిన్నెలంత పూలు విచ్చుకుని, పదింటికల్లా ముడుచుకుపోతున్నాయి. నీళ్లు చాలడం లేదేమోనని మధ్యాహ్నం కూడా పోస్తున్నాను. ఇంకో వింత ఏమంటే, మొగ్గ ఊదాగా ఉంటుంది, పువ్వు నీలం, ముడిచాక మళ్లీ గులాబీ రంగు!" – ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి

మధ్యాహ్నం నీళ్లు ఆపేయండి చెల్లెమ్మా. ముడుచుకోవడం దాని నైజం, ఎండ ముదిరేలోపు ముడిచేయడమే ఆ పువ్వు బతుకు. రేపటికి వేరే మొగ్గ సిద్ధంగా ఉంటుంది. నీళ్లు ఎక్కువైతేనూ, ఎరువు ఎక్కువైతేనూ ఆకు ఏపుగా పెరిగి పువ్వు తగ్గిపోతుంది.

రంగు సంగతి మాత్రం చాలా మంచి ప్రశ్న. ఇక్కడ మారేది కన్నూ కాదు, వెలుగూ కాదు, పువ్వే. ఆకాశ నీలం రకం మార్నింగ్ గ్లోరీ మొగ్గలో రంగు నిలవ ఉండే రసం కొద్దిగా ఆమ్లంగా, పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 6.6 దగ్గర ఉంటుంది, విచ్చుకునేటప్పుడు అది 7.7 దాకా పెరుగుతుంది. రంగుపదార్థం అదే, ఆంథోసయనిన్. దాని చుట్టూ ఉన్న రసం పులుపు తగ్గేసరికి ఊదా కాస్తా నీలమవుతుంది. వాడేటప్పుడు మళ్లీ పులుపు ఎక్కి గులాబీ ఛాయ వస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు రేకు కణాల్లోకి అతి సన్నని సూదులు దించి ఈ పీహెచ్ కొలిచారు.

మీ బాబుకు చూపించాలంటే శంకుపూలు నాలుగు వేడినీళ్లలో వేసి, నీళ్లు నీలంగా దిగాక అర చెక్క నిమ్మకాయ పిండండి. గ్లాసులో నీలం ఊదాగా మారుతుంది. అదీ ఆంథోసయనిన్ పనే. మార్నింగ్ గ్లోరీ గింజలు మాత్రం పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి, అవి మంచివి కావు.

"మా అత్త పొద్దున ఐదున్నరకే పూలన్నీ కోసి పూజకు పెట్టేస్తుంది. నేను లేచి, పిల్లలకు క్యారియర్ కట్టి బయటికి వచ్చేసరికి తీగకు ఒక్క పువ్వు ఉండదు. అడగాలంటే మొహమాటం. ఏం చేయాలి?" – జమ్మలమడుగు నుంచి ఒక కోడలు

ముందు ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ఐదున్నరకు లేచి ఆ పూలను కోస్తున్నారంటే మీ ఇంట్లో ఆ రంగును దాని అసలు వేళలో చూస్తున్న మనిషి మీ అత్తగారే. ఆవిడ దేవుడి కోసం కోస్తున్నారు, నిజమే, కానీ బుట్టలో పెట్టుకునేటప్పుడు చూడకుండా ఎవరూ పెట్టుకోరు. "అత్తా, రేపు నన్నూ లేపు, ఇద్దరం కోద్దాం" అని ఒక్కసారి అడిగి చూడండి. తీగ లోపలి వైపు, కింది వైపు పూలు ఆవిడకు వదిలి, తూర్పుకు తిరిగి ఉన్న కొసల మీది నాలుగు పూలు ఏడింటి దాకా ఉంచమనండి. ఏ అత్తా కాదనదు.

కోయడం వల్ల మొక్కకు నష్టం లేదు, లాభమే. కోయకుండా వదిలేస్తే శంకుపువ్వు కాయ కడుతుంది, బలమంతా గింజలకు పోయి పూత తగ్గుతుంది. రోజూ కోసే తీగే ఎక్కువ పూస్తుంది. అయినా ఇద్దరికీ చాలడం లేదంటే ఇంకో తీగ వేసుకోండి. ఎండిన కాయ ఒకటి తెంచి, గింజలు రాత్రంతా నానబెట్టి, ఉబ్బనివి ఉంటే గరుకు నేల మీద కాస్త గీసి మళ్లీ నానేస్తే వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. ఇది చిక్కుడు జాతిది కాబట్టి నేలలో నత్రజనిని తనే చేర్చుకుంటుంది, యూరియా అసలు వద్దు.

"ఆదోనిలో మేడ మీద కుండీలు పెట్టుకున్నాను. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఊదా రంగు పూలే కావాలి. ఏవి బతుకుతాయి?" – ఒక రిటైర్డ్ ఉద్యోగి

మాస్టారూ, మీలాంటి మేడలు మన వైపు వేలల్లో ఉన్నాయి, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటి ఓటు డిసెంబర్ పూలకు. కొమ్మ గుచ్చితే చాలు బతుకుతుంది, నీళ్లు రెండు రోజులు మరిచినా అలగదు, చలి మొదలయ్యేసరికి చెట్టంతా లేత ఊదాగా నిండిపోతుంది. వాసన ఉండదని కొందరు చిన్నచూపు చూస్తారు గానీ, కనకాంబరాలూ మరువమూ మధ్యలో ఈ ఊదా పడితేనే దండకు అందం అని మన ఆడవాళ్లకు తెలుసు. మంచు పడిన పొద్దున ఆ రేకు ఎంత పల్చగా ఉంటుందంటే, వెనకనుంచి ఎండ వస్తే ఈనెలు లెక్కపెట్టొచ్చు. పూత అయిపోయాక ఫిబ్రవరి, మార్చిలో సగానికి కత్తిరించేయండి, లేకపోతే కట్టెబారి కింద బోసిపోతుంది.

రెండోది రుయెల్లియా. రోడ్ల మధ్య డివైడర్లలో సన్నటి ఆకులతో, ఊదా గరాటుల్లాంటి పూలతో పెంచుతారే, అదే. తెల్లవారేసరికి విచ్చి, మధ్యాహ్నానికి రాలిపోతుంది. చిన్నప్పుడు ఎండిన కాయను నోట్లో తడిపి ఠప్పున పేల్చి ఆడుకునేవాళ్లం చూడండి, ఆ గడ్డి మొక్క కూడా దీని వంశమే. ఎండను బాగా, ఉప్పు నీళ్లను కొంతవరకు ఓర్చుకుంటుంది. ఇల్లంతా పాకుతుంది కాబట్టి కుండీలోనే ఉంచండి. మా మేడ మీద దీని కుండీలు కడప బండ గట్టు మీద ఉంటాయి, ఆ నల్లటి బూడిద రంగు బండ మీద రాలిన పూలు కొమ్మ మీద ఉన్నవాటికంటే అందంగా కనిపిస్తాయి, ఊదాకు అంతకంటే మంచి నేపథ్యం నాకు కనపడలేదు. కానీ ఒక జాగ్రత్త, మే నెలలో బండ కాలిపోతుంది, కుండీని నేరుగా దాని మీద పెట్టకుండా రెండు ఇటుకలు వేసి పెట్టండి.

బొగడబంతి వేయండి. దీని రంగు ఆంథోసయనిన్ కాదు, బీట్‌రూట్‌లో ఉండే జాతి రంగు, బీటలెయిన్. రేకుల్లా కనిపించేవి ఎండుటాకుల్లా గరగరలాడే పూపత్రాలు, వాడేందుకు వాటిలో నీరే తక్కువ, అందుకే కోసి నెలలు గడిచినా రంగు నిలుస్తుంది. పొద్దునే లేవలేని వాళ్లకు ఇది మంచి పువ్వు. కాగితం పూలదీ ఇదే జాతి రంగు, అందులోనూ మనం పువ్వు అనుకునేది పూపత్రమే, అసలు పువ్వు మధ్యలో సన్నగా తెల్లగా ఉంటుంది.

పెటూనియా, చైనా ఆస్టర్ చలికాలం పూలు. సెప్టెంబరు, అక్టోబరులో నారు పోస్తే సంక్రాంతికి పూస్తాయి, ఏప్రిల్ ఎండకు పోతాయి. పోయాయని బాధపడొద్దు, అవి ఏడాదిలోపు మొక్కలే. ఆస్టర్‌లో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల 'వయొలెట్ కుషన్' రకం దొరికితే తప్పక వేయండి.

నీళ్ల సంగతి. ఆ తెల్లని పేరుడు ఉప్పే. నెలకోసారి కుండీలోకి అడుగు రంధ్రంనుంచి ధారగా కారిపోయేదాకా నీళ్లు పోస్తే కొంత కొట్టుకుపోతుంది, వానాకాలంలో పైకప్పు నీళ్లు ఒక డ్రమ్ములో పడితే అంతకంటే మేలు లేదు. ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందక వచ్చే తెగులు. మట్టిలో ఇనుము ఉన్నా సున్నపు నీళ్లకు అది మొక్కకు అందదు. పశువుల ఎరువు బాగా చివికింది కలపండి. మార్చి నుంచి జూన్ దాకా పడమటి వైపు సగం నీడ ఇచ్చే షేడ్ నెట్ కట్టండి. తూర్పు వైపు మాత్రం మూయకండి, పొద్దుటి ఎండ కోసమే కదా ఈ తంటా అంతా.

"వంగ చెట్టు పువ్వు కూడా ఊదానే కదా, దాన్ని ఎవరూ పూల లెక్కలో వేయరెందుకు? మా తోటలో పొద్దున్నే నల్ల తుమ్మెద వచ్చి దాని మీద వాలి గట్టిగా ఝుమ్మంటుంది. ఏం చేస్తుందది?" – తాడిపత్రి దగ్గర నుంచి ఒక రైతు బిడ్డ

నేను వేస్తాను తమ్ముడూ! లేత ఊదా రేకులు, వెనక సన్నటి నూగు, మధ్యలో పసుపుపచ్చ కేసరాలు ముడిచి పెట్టినట్టు నిలబడి ఉంటాయి, ఏటవాలు ఎండలో ఆ నూగు అంచు వెంబడి వెలుగుతుంది. కూరగాయ మొక్క అని తల తిప్పుకోవడం మన తప్పే.

ఆ ఝుమ్మనడం ఊరికే కాదు. వంగ పువ్వు కేసరాల్లో పుప్పొడి సంచి పక్కనుంచి విచ్చుకోదు, కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. తుమ్మెద కేసరాలను పట్టుకుని రెక్కలు ఆడించకుండా ఒంటి కండరాలను మాత్రం అదిలిస్తుంది, ఆ కంపనానికి పుప్పొడి రంధ్రంలోంచి దాని పొట్ట మీదికి రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. తుమ్మెద కుదిపిన పూలలో కాపు నిలవడం మెరుగ్గా ఉంటుంది, కాబట్టి పూత సమయంలో పొద్దుటిపూట పురుగుమందు కొట్టకండి, కొట్టక తప్పని రోజున సాయంత్రం పొద్దు వాలాక కొట్టండి. ఈ తుమ్మెదలు ఎండు కట్టెలో తొలుచుకుని గూడు పెడతాయి, గట్టున ఒక ఎండు మొద్దు ఉంటే తీసేయకండి.

ఇంకో మాట, తుమ్మెదలకూ తేనెటీగలకూ ఎరుపు సరిగా ఆనదు, నీలమూ ఊదా బాగా కనిపిస్తాయి, మనకు కనిపించని అతినీలలోహితం కూడా. పువ్వుకు ఊదా రంగు ఉన్నది ముందు వాటి కోసం.

"ఫోన్‌లో తీస్తే ఊదా పువ్వు నీలంగా పడుతోంది. ఎంత మంచి ఫోన్ అయినా అంతే. ఏం సెట్టింగ్ మార్చాలి?" – కడప నుంచి ఒక కాలేజీ విద్యార్థిని

ఇది చాలామంది అడిగారు. వయొలెట్ వెలుగు మన కంట్లో నీలం పట్టే కణాలనే కాదు, ఎరుపు వైపు కణాలను కూడా కాస్త కదిలిస్తుంది, అందుకే మనకు అందులో ఎర్ర ఛాయ తెలుస్తుంది. ఫోన్ సెన్సర్ ఎర్ర ఫిల్టర్ ఆ వెలుగును అంతగా పట్టదు, దాంతో నీలం ఒక్కటే మిగులుతుంది. పూర్తిగా సరిచేయలేం గానీ చాలావరకు దగ్గరికి తేవచ్చు. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ ఆటో తీసేసి డేలైట్‌లో పెట్టు. పువ్వు మీద వేలితో నొక్కి బ్రైట్‌నెస్ కొంచెం కిందికి లాగు, ఊదా ఎక్కువ వెలుగులో కొట్టుకుపోతుంది. ఫిల్టర్లు, ఏఐ అందాలు అన్నీ ఆఫ్ చెయ్యి. సూర్యుడు పువ్వుకు వెనక వైపు ఉండేలా నిలబడితే రేకు లోపలినుంచి వెలిగినట్టు పడుతుంది, పొద్దు పొడిచిన మొదటి ఇరవై నిమిషాలు అందుకు సరైన వేళ. ఫోటో తీశాక కళ్లతో కూడా కాసేపు చూడు తల్లీ, ఫోన్‌కు అందనిది అక్కడే ఉంటుంది.

"ఆన్‌లైన్‌లో ముదురు ఊదా, నీలం గులాబీ విత్తనాలు వంద రూపాయలకు ప్యాకెట్ చూపిస్తున్నారు. కొనొచ్చా?" – నంద్యాల నుంచి

వద్దు. గులాబీ మొక్కలో నీలం రంగు పుట్టించే డెల్ఫినిడిన్ అనే రంగుపదార్థం సహజంగా లేదు. జపాన్‌లోని సంటోరీ కంపెనీ, ఆస్ట్రేలియా సంస్థతో కలిసి, వేరే పువ్వు జన్యువును గులాబీలోకి చేర్చి నీలం గులాబీ సాధించామని 2004లో ప్రకటించింది, 2009లో అమ్మకానికి పెట్టింది, అది కూడా చూడ్డానికి లేత ఊదానే తప్ప నీలం కాదు. తోట గులాబీ రకాలను అంటు కట్టి పెంచుతారు, విత్తనంతో వేస్తే తల్లి రంగు వస్తుందన్న నమ్మకం లేదు. ప్యాకెట్ మీది బొమ్మ కంప్యూటర్‌లో రంగు మార్చిందే అయ్యుంటుంది. ఊదా ఛాయ గులాబీయే కావాలంటే నర్సరీకి పోయి, పువ్వు విచ్చి ఉన్న అంటు మొక్కను మీ కళ్లతో చూసి తెచ్చుకోండి, అదీ పొద్దున్నే పోయి చూడండి, మధ్యాహ్నం ఎండలో రంగు తేల్చుకోలేరు.